కామిక్ ఒరిజినల్ పేజీ: చిత్రకారుడి దగ్గరే కొంటే ఏం దక్కుతుంది, ఏం దక్కదు

క్లుప్తంగా: కామిక్ పుస్తకం అచ్చుకు వెళ్లకముందు చిత్రకారుడు చేత్తో గీసిన కాగితాన్ని ‘ఒరిజినల్’ అంటారు. గీసిన మనిషి దగ్గరే కొంటే మధ్యవర్తుల కమీషన్ మిగులుతుంది. అంతకన్నా విలువైనది ఇంకొకటి ఉంది: ఆ పేజీ అసలుదేనన్న రుజువు మొదటి చేతి నుంచే అందుతుంది. కాపీరైట్ మాత్రం దానితో పాటు రాదు. పేజీలో ఏ గీత ఎవరిదో, ఏది ప్రింటో అడగకపోవడం, రాతపూర్వకమైన రసీదు తీసుకోకపోవడం, ఇంటికి తెచ్చాక లామినేషన్ చేయించడం ఈ కొనుగోలులో తరచూ జరిగే మూడు పొరపాట్లు.

2022 జనవరిలో అమెరికాలోని హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో ఒకే ఒక్క కామిక్ పేజీ 33.6 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. 1984లో మార్వెల్ ప్రచురించిన ‘సీక్రెట్ వార్స్’ 8వ సంచికలోని 25వ పేజీ అది. మైక్ జెక్ గీసిన ఆ పేజీలో స్పైడర్‌మ్యాన్‌కు నల్ల దుస్తులు వచ్చే ఘట్టం ఉంది. దానికి ఏడాది ముందు ప్యారిస్ వేలంలో, టిన్‌టిన్ ‘బ్లూ లోటస్’ ముఖచిత్రం కోసం ఎర్జే 1936లో వేసిన బొమ్మ 30 లక్షల యూరోలు దాటింది. ప్రచురణకర్త వద్దనుకుని పక్కన పెట్టిన బొమ్మ అది.

ఇలాంటి వార్తలు చదివిన పాఠకుడికి ఒరిజినల్ అంటే కోటీశ్వరుల వ్యవహారమనే అనిపిస్తుంది. నిజానికి నెలనెలా కామిక్స్ గీసే చిత్రకారుల ఇళ్లలో కట్టలకొద్దీ పేజీలు ఉంటాయి. వాటిలో చాలావరకు మామూలు జీతగాడు కొనుక్కోగలిగినవే. కొనడానికి డబ్బు కన్నా ముందు కావలసింది, కొంటున్న కాగితం ఎలా తయారైందన్న అవగాహన.

పేజీ పుట్టే తీరు

అమెరికన్ కామిక్ పేజీని ఈ రోజుల్లో 11 × 17 అంగుళాల బ్రిస్టల్ బోర్డు, అంటే నున్నటి మందపాటి కాగితం, మీద గీస్తారు. అందులో బొమ్మ పరుచుకునే చోటు సుమారు 10 × 15 అంగుళాలు. అచ్చయ్యాక అది మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. 1960ల చివరి దాకా ఇంతకన్నా పెద్ద కాగితం వాడేవారు. బొమ్మ ఒక్కటే 12.5 × 18.5 అంగుళాల దాకా ఉండేది. కాబట్టి 1963 నాటి పేజీ అంటూ ఎవరైనా 11 × 17 కాగితం చూపిస్తే, అక్కడే ఆగి ప్రశ్నలు మొదలుపెట్టాలి.

ఒక పేజీ మీద ఒకరికి మించి చేతులు పడతాయి. పెన్సిలర్ ముందుగా సన్నివేశాన్ని పెన్సిల్‌తో గీస్తారు. ఇంకర్ దాని మీద బ్రష్షుతోనో పాళీతోనో నల్ల సిరా పట్టిస్తారు. పాత పద్ధతిలో మూడో మనిషి, అంటే లెటరర్, మాటల బుడగలను అదే కాగితం మీద చేత్తో రాసేవారు. 1990ల నుంచి అక్షరాలు కంప్యూటర్‌లోకి వెళ్లిపోయాయి. అందుకే ఇటీవలి పేజీల్లో మాటలు ఉండవు. పాత్రలు నోరు తెరిచి ఉంటాయి, పైన ఖాళీ కనిపిస్తుంది. అది లోపం కాదు, ఈ కాలపు పని తీరు. రంగులదీ ఇదే కథ. అమెరికన్ కామిక్స్‌లో రంగులు వేరే కాగితం మీద, తర్వాత కంప్యూటర్‌లో పడ్డాయి కాబట్టి పుస్తకంలో ఎర్రగా మెరిసిన దుస్తులు ఒరిజినల్‌లో నలుపు తెలుపుల్లోనే ఉంటాయి.

కొనేవాళ్లను ఎక్కువగా తికమకపెట్టేది ‘బ్లూలైన్’ పద్ధతి. పెన్సిలర్ ఒక ఊళ్లో, ఇంకర్ ఇంకో ఊళ్లో ఉంటే కాగితాన్ని పోస్టులో పంపే బదులు పెన్సిల్ బొమ్మను స్కాన్ చేసి మెయిల్ చేస్తారు. ఇంకర్ దాన్ని లేత నీలి రంగులో మరో బోర్డు మీద ప్రింటు తీసుకుని, ఆ గీతల మీద సిరా వేస్తారు. అప్పుడు ఒకే పేజీకి రెండు ఒరిజినల్స్ తయారవుతాయి: పెన్సిల్ మాత్రమే ఉన్నది ఒకటి, సిరా మాత్రమే ఉన్నది ఇంకొకటి. రెండోదాంట్లో పెన్సిలర్ చెయ్యి ఆ కాగితాన్ని తాకనే లేదు. పెన్సిలర్ మీద అభిమానంతో కొనేవాళ్లు ఆ సంగతి కొన్నాక కాక ముందే తెలుసుకోవాలి.

ఇక పూర్తిగా ట్యాబ్లెట్ మీదే గీసే చిత్రకారులు ఇప్పుడు ఎంతోమంది. వాళ్ల పుస్తకానికి కాగితం ఒరిజినల్ అసలు ఉండదు. కొందరు ఫైలును మంచి కాగితం మీద ఒక్కటంటే ఒక్క కాపీ ప్రింటు తీసి, సంతకం చేసి అమ్ముతారు. అందులో మోసం లేదు, కానీ దాన్ని ప్రింటుగానే కొనాలి, ప్రింటు ధరకే కొనాలి. కొందరు ముఖచిత్రాన్ని మాత్రం కాగితం మీద గీసి లోపలి పేజీలు తెర మీద గీస్తారు. ‘ఇందులో కాగితం మీద ఏ దశ దాకా గీశారండీ?’ అన్న ఒక్క ప్రశ్న సగం అపార్థాలను ముందే తొలగిస్తుంది.

పేజీలు చిత్రకారుల చేతికి ఎలా వచ్చాయి

ఒరిజినల్‌ను చిత్రకారుడే అమ్ముకోవడం మొదటి నుంచీ ఉన్న ఆనవాయితీ కాదు. 1970ల దాకా అమెరికన్ ప్రచురణ సంస్థలు అచ్చు పని అయ్యాక పేజీలను తమ దగ్గరే ఉంచుకునేవి. గోదాముల్లో పడేశారు, చింపేశారు, ఆఫీసు చూడటానికి వచ్చినవాళ్ల చేతిలో పెట్టారు. నీల్ ఆడమ్స్ వంటి చిత్రకారులు గట్టిగా పోరాడాక 1970ల మధ్య నుంచి డీసీ, మార్వెల్ సంస్థలు కొత్త పేజీలను తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాయి. మార్వెల్ పేరున్న పాత్రల్లో ఎన్నింటినో గీసిన చిత్రకారుడు జాక్ కర్బీకి, ఆ సంస్థకు మధ్య పాత పేజీల విషయంలో 1980ల్లో పెద్ద వివాదం నడిచింది. పేజీలు తిరిగి ఇవ్వడానికి మిగతా చిత్రకారులకు హక్కుల గురించిన చిన్న పత్రం మీద సంతకం చాలన్న సంస్థ ఆయన ముందు మాత్రం నాలుగు పేజీల ప్రత్యేక పత్రం పెట్టింది. చివరికి 1987లో ఆయనకు దక్కినవి దాదాపు 2,000 పేజీలు. ఆయన ఆ సంస్థకు గీసిన పేజీల్లో అది చిన్న భాగమే.

ఈ చరిత్ర నేటి కొనుగోలుదారుకు రెండు రకాలుగా పనికొస్తుంది. 1970ల మధ్యకు ముందు నాటి పేజీ చిత్రకారుడి చేతి మీదుగా కాకుండా బయటికి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. దాని ప్రయాణం గురించి మరింత గట్టిగా అడగాలి. తిరిగి ఇచ్చే పద్ధతి వచ్చాక పేజీలను పెన్సిలర్, ఇంకర్ పంచుకుంటున్నారు. సాధారణంగా మూడింట రెండు వంతులు పెన్సిలర్‌కు, మిగతాది ఇంకర్‌కు. కాబట్టి ఒక సంచికలో నచ్చిన పేజీ పెన్సిలర్ దగ్గర లేదంటే అమ్ముడైపోయిందని అనుకోనక్కర్లేదు. ఇంకర్‌ను అడిగి చూడాలి. అభిమానుల తాకిడి వాళ్ల దగ్గర కాస్త తక్కువ కనుక బేరం కూడా సులువు.

మన దగ్గర పరిస్థితి వేరు. చందమామ, అమర్ చిత్ర కథ తరాల్లో చిత్రకారుడు ఒక సంస్థకు పనిచేయడమే మామూలు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, పత్రికలో ఉద్యోగం చేస్తూ ఆ పత్రిక కోసమే వేసిన బొమ్మను ప్రచురించే హక్కు మొదట పత్రిక యజమానిదే. వేరే ఒప్పందం ఉంటే తప్ప. బొమ్మ వేసిన కాగితం ఎవరిదన్నది మాత్రం వాళ్ల మధ్య ఒప్పందాన్ని, ఆనవాయితీని బట్టి ఉంటుంది. అందుకే వడ్డాది పాపయ్య, బాపు, బుజ్జాయి వంటి పెద్దల బొమ్మలంటూ ఏదైనా ఎదురైతే, బొమ్మ అసలుదా అన్న ప్రశ్న పక్కనే అది బయటికి ఎలా వచ్చిందన్న ప్రశ్న కూడా నిలబడుతుంది. ఇప్పటి చిత్రకారుడినైతే మర్యాదగా, సూటిగా అడగవచ్చు: ‘ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోవచ్చని, అమ్ముకోవచ్చని ప్రచురణకర్తతో మీ ఒప్పందంలో ఉందా అండీ?’ ఈ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు.

ధర ఎక్కడ పుడుతుంది

ముఖచిత్రం అన్నిటికన్నా ఖరీదు. తర్వాత పేజీ మొత్తం ఒకే బొమ్మగా ఉండే స్ప్లాష్, ఆ తర్వాత చిన్న చిన్న గళ్లలో బొమ్మలుండే ప్యానెళ్ల పేజీ. ప్యానెళ్ల పేజీల్లోనూ కథానాయకుడు తన దుస్తుల్లో, పోరాటంలో ఉన్న పేజీకి ఒక ధర. ఇద్దరు గదిలో కూర్చుని మాట్లాడుకునే పేజీకి దానిలో చిన్న భాగం. ఒక పాత్ర తొలిసారి కనిపించిన పేజీ అయితే లెక్కలన్నీ మారిపోతాయి. సీక్రెట్ వార్స్ పేజీ అంత పలకడానికి కారణం గీతల గొప్పతనం ఒక్కటే కాదు. ఆ నల్ల దుస్తుల నుంచే తర్వాత స్పైడర్‌మ్యాన్ ప్రత్యర్థి వెనమ్ పాత్ర పుట్టింది.

చిత్రకారుడు ధర కట్టే పద్ధతి వేరు, సేకర్తలు, అంటే ఒరిజినల్స్ కొని దాచుకునేవాళ్లు, కట్టే పద్ధతి వేరు. ఎంత సేపు పట్టింది, బొమ్మ తనకు ఎంత నచ్చింది అన్నది చిత్రకారుడి కొలత. సంతలో జనాన్ని, వెనక భవంతులను మూడు రోజులు కూర్చుని గీసిన పేజీకి ఆయన ఎక్కువ అడుగుతారు. సేకర్త దృష్టిలో అందులో నాయకుడు లేడు కనుక అది తక్కువ. రెండు గంటల్లో సిరా దట్టించి నీడబొమ్మలా గీసిన స్ప్లాష్‌కు చిత్రకారుడు మామూలు ధర చెప్తారు. బయట అది మూడింతలు పలుకుతుంది. నేరుగా కొనడంలోని లాభం చాలావరకు ఈ తేడాలోనే ఉంది. బొమ్మను బొమ్మగా ప్రేమించేవాళ్లకు ఇంకో మేలు కూడా: అద్భుతంగా గీసినా నాయకుడు లేని పేజీలు ఎప్పుడూ అందుబాటు ధరలోనే ఉంటాయి.

ఈ తేడాను కొందరు వ్యాపారంగా మార్చుకున్నారు. అభిమానినని చెప్పి తక్కువకు తీసుకుని, నెల తిరగకుండా వేలానికి పెడతారు. ఆ ధర చిత్రకారుడి కంట పడకుండా ఉండదు. ఆ తర్వాత ఆయన ధర పెంచడమో, ఏజెంటుకు అప్పగించడమో, అసలు అమ్మడమే మానేయడమో చేస్తారు. నష్టం తర్వాత వచ్చే నిజమైన పాఠకులది.

ఏజెంటు ఉన్న చిత్రకారుడి విషయంలో దారి ఒక్కటే, ఏజెంటు ద్వారానే అడగాలి. కమీషన్ తప్పించుకుందామని చాటుగా చిత్రకారుడినే ఒత్తిడి చేస్తే ఆయన ఒప్పందం చెడుతుంది. వేలంలో అయితే పాట ఆగిన ధర మీద కొనుగోలుదారు రుసుము అదనం, సాధారణంగా అది 20 శాతం చుట్టుపక్కల ఉంటుంది. ఆపైన రవాణా, పన్నులు.

దగ్గరగా చూస్తే ఏం కనిపిస్తుంది

అసలు పేజీని కిటికీ పక్కకు తీసుకెళ్లి, వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా పట్టుకోవాలి. ఎదురుగా చూసినప్పుడు ఒకే నలుపుగా కనిపించిన చోటు అప్పుడు విడిపోతుంది. బ్రష్షు ఏ దిక్కున కదిలిందో తెలుస్తుంది. ఒక పొర మీద ఇంకో పొర పడ్డచోట నలుపు చిక్కబడి మెరుస్తుంది, సిరా పలచబడ్డచోట గోధుమ రంగు జాడ కనిపిస్తుంది. గీతల పక్కన పెన్సిల్ నొక్కుడుకు పడ్డ సన్నని గాడి, రబ్బరుతో చెరిపినా మిగిలే ఉంటుంది. తప్పు దిద్దిన చోట తెల్ల రంగు కాస్త ఉబ్బెత్తుగా, కాగితం కన్నా వేరే తెలుపులో నిలుస్తుంది. అంచుల్లో నీలి పెన్సిల్ రాతలు, పేజీ నంబరు, సంచిక పేరు, బ్రష్షు మొన సరిచూసుకోవడానికి గీసిన పిచ్చి గీతలు ఉంటాయి. పాత పేజీ అయితే వెనక ముద్రలు, వేరే కాగితం మీద రాసి అతికించిన మాటల బుడగల అంచున జిగురు ఎండి పసుపెక్కిన మరకలు ఉంటాయి.

ప్రింటులో ఇవేవీ ఉండవు. పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం పెడితే ఇంక్‌జెట్ ప్రింటులో నలుపు అంచున రంగురంగుల సూక్ష్మ బిందువులు బయటపడతాయి. నలుపు మొత్తం ఒకే మట్టంగా ఉంటుంది, వెలుతురు ఏ పక్క నుంచి వచ్చినా మారదు. ప్రింటు మీద అక్కడక్కడా పెన్నుతో గీతలు దిద్ది ఒరిజినల్‌గా చూపే పని కూడా జరుగుతుంది. అప్పుడు పెన్ను తగిలిన చోటే మెరుపు, మిగతాదంతా చదును. కృత్రిమ మేధతో తీసిన బొమ్మను లేతగా ప్రింటు చేసి పైన సిరా పట్టిస్తే గీతలన్నీ చేతివే అయి ఉంటాయి, బొమ్మ మాత్రం ఎవరిదీ కాదు. దాన్ని పట్టించేది భూతద్దం కాదు. ఆ పేజీ అచ్చయిన పుస్తకంతో పోలిక, ముందు దశలో వేసిన చిత్తు బొమ్మలు, గీసిన మనిషి ఇచ్చిన రాత.

దూరాన ఉండి కొనేటప్పుడు నాలుగు ఫొటోలు అడగడం మామూలే: ముందు వైపు మొత్తం, వెనక వైపు మొత్తం, ఏటవాలు వెలుతురులో ఒక మూల, సంతకం దగ్గరగా. వీటిని అచ్చు పేజీ పక్కన పెట్టుకుని గీత గీతా పోల్చాలి. అచ్చులో లేని గీత ఒరిజినల్‌లో ఉండవచ్చు, కంప్యూటర్‌లో తీసేసి ఉంటారు. అచ్చులో ఉన్న గీత ఒరిజినల్‌లో లేకపోతే మాత్రం కారణం అడగాలి. పేజీని మళ్లీ గీసిన ‘రీక్రియేషన్’ కావచ్చు. చిత్రకారుడే మళ్లీ గీసినా అది వేరే వస్తువు, వేరే ధర.

మాట, డబ్బు, రసీదు

ఏజెంటు లేని చిత్రకారుడికి రాసే మొదటి సందేశంలోనే సంచిక, పేజీ నంబరు, ఇవ్వగల మొత్తం రాస్తే పని త్వరగా తేలుతుంది. ‘మీ దగ్గర ఏమున్నాయి, ధరలెంత?’ అన్న సందేశానికి జవాబు రాయాలంటే ఆయన కట్టలన్నీ విప్పాలి. అందుకే అలాంటివి తరచూ జవాబు లేకుండా మిగిలిపోతాయి. బేరం తప్పు కాదు. రెండు మూడు పేజీలు కలిపి తీసుకుంటూ కాస్త తగ్గించమనడం అందరికీ అలవాటైన పద్ధతి. ఒప్పుకున్నాక వెనక్కి పోవడం మాత్రం ఈ చిన్న లోకంలో త్వరగా తెలిసిపోతుంది.

2013 నుంచి హైదరాబాద్‌లో జరుగుతున్న కామిక్ కాన్ అనే కామిక్స్ అభిమానుల మేళాలో చిత్రకారుల బల్లలు వరసగా ఉంటాయి. బల్ల మీద పరిచేవి ఎక్కువగా ప్రింట్లు, స్టిక్కర్లు, బ్యాడ్జీలు. ఒరిజినల్స్ ఉంటే బల్ల కింద ఫోల్డరులో ఉంటాయి. అడిగితేనే బయటికి వస్తాయి. అక్కడికక్కడే బొమ్మ వేయించుకోవాలంటే మొదటి రోజు పొద్దున్నే పేరు రాయించుకోవాలి. మధ్యాహ్నానికి జాబితా నిండిపోతుంది.

చెప్పి వేయించుకునే బొమ్మకు, అంటే కమిషన్‌కు, వివాదాలు ఎక్కువ. పేజీ అయితే కళ్ల ముందు ఉంటుంది. కమిషన్ ఇంకా మాటల్లోనే ఉంది. కాగితం సైజు, ఎన్ని పాత్రలు, నడుము దాకానా నిలువెత్తా, వెనక దృశ్యం ఉందా, పెన్సిలా సిరానా రంగులా, ఎప్పటికి ఇస్తారు, చిత్తు బొమ్మ చూపించాక ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చు: ఇవన్నీ డబ్బు ఇవ్వకముందే ఒకే సందేశంలో రాసి ‘సరే’ అనిపించుకోవాలి. సగం అడ్వాన్సు, పూర్తయిన బొమ్మ ఫొటో చూశాక మిగతా సగం అన్న పద్ధతి ఇద్దరికీ న్యాయం. మొత్తం ముందే ఇచ్చేస్తే నెలవారీ పుస్తకం గడువు తరుముతున్న చిత్రకారుడు ఆ బొమ్మను వెనక్కి నెడుతూ పోవడం సహజం. అందులో దురుద్దేశం ఉండాల్సిన పని లేదు, గడువు లేని పని ఎక్కడైనా వెనకబడుతుంది.

విదేశీ చిత్రకారుడికి పేపాల్‌లో చెల్లించేటప్పుడు ‘స్నేహితులు, బంధువులు’ విభాగంలో పంపమని అడిగితే ఒప్పుకోకూడదు. వస్తువు రాకపోతే ఆ విభాగంలో కొనుగోలుదారుకు రక్షణ ఉండదు. మన దేశంలో యూపీఐ చెల్లింపుకు అలాంటి రక్షణ ఏదీ లేదు కనుక సందేశాల్లో ఉన్న ఒప్పందమే దిక్కు.

రసీదు గురించి చాలామంది మొహమాటపడతారు. ఇష్టమైన చిత్రకారుడు ఎదురుగా ఉంటే కాగితం అడగడం అపనమ్మకంలా ఉంటుందని వాళ్ల భయం. రుజువు ఏ ఖర్చూ లేకుండా దొరికేది ఆ ఒక్క రోజే. పుస్తకం పేరు, సంచిక, పేజీ నంబరు, కాగితం కొలత, ఏ సాధనంతో గీసింది, పెన్సిల్ ఎవరిది సిరా ఎవరిది, ప్రింటు గీతల మీద వేసిందా కాదా, ధర, తేదీ, సంతకం. ఇంతే, పది వరుసలు. దానితో పాటు పేజీ పట్టుకున్న చిత్రకారుడి ఫొటో ఒకటి. 2023 డిసెంబరులో బ్రస్సెల్స్‌లో ఆస్టెరిక్స్ చిత్రకారుడు ఉడెర్జో గీసిన ‘ఆస్టెరిక్స్ అండ్ క్లియోపాత్రా’ బొమ్మ వేలం, కుటుంబ సభ్యుల అభ్యంతరంతో ఆగిపోయింది. బొమ్మ అసలుదా కాదా అన్నది కాదు తగవు. అది ఇంటి నుంచి కానుకగా బయటికి వచ్చిందా, లేదా అన్నది. కొన్ని దశాబ్దాల కింద రాసిచ్చిన ఒక చిన్న కాగితం ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

పన్ను లెక్కలకూ ఆ రసీదే ఆధారం. ఆదాయపు పన్ను చట్టం ఇంట్లోని కుర్చీ, మంచం లాంటి సొంత వస్తువుల్లో బొమ్మలను కలపదు. అవి మూలధన ఆస్తులు. కొన్నదాని కన్నా ఎక్కువకు అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను పడుతుంది, కొన్న ధర రుజువు చేయలేకపోతే లాభం ఎంతో చూపించడం కష్టం.

కాగితం కొన్నవారిది, బొమ్మ హక్కు ఎవరిది

ఒరిజినల్ కొన్నంత మాత్రాన దాన్ని అచ్చు వేసే హక్కు రాదు. అమెరికా కాపీరైట్ చట్టం 202వ సెక్షన్‌లో వస్తువు యాజమాన్యం వేరు, కాపీరైట్ వేరు అని సూటిగా రాసి ఉంది. మన చట్టంలోనూ కాపీరైట్ బదిలీ కావాలంటే రాతపూర్వక ఒప్పందం ఉండాల్సిందే. గోడకు తగిలించుకోవచ్చు, తిరిగి అమ్మవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు. టీషర్టు మీద, కాఫీ కప్పు మీద వేసి అమ్మకూడదు. పెద్ద సంస్థల పాత్రలైతే చిత్రకారుడు అనుమతి ఇచ్చినా చాలదు. పాత్ర మీద హక్కు సంస్థది.

కమిషన్ దగ్గర మన చట్టంలో ఒక మెలిక ఉంది. 17వ సెక్షన్‌లోని మరో నిబంధన ప్రకారం, ఒకరు డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న వర్ణచిత్రానికి, రూపచిత్రానికి మొదటి కాపీరైట్ యజమాని వేయించుకున్న వ్యక్తే. వేరే ఒప్పందం లేకపోతే. ఇది చాలామంది చిత్రకారులకు తెలియదు. సిరాతో వేసిన కామిక్ బొమ్మ ఆ మాటల పరిధిలోకి వస్తుందా అన్నది వాదించదగ్గ విషయమే. అందుకే హక్కులు ఎవరి దగ్గర ఉంటాయో ఒక్క వాక్యంలో రాసుకోవడం ఇద్దరికీ మంచిది.

దీనికి ముడిపడినదే మన కాపీరైట్ చట్టంలోని 53ఏ సెక్షన్. 1994 సవరణతో వచ్చిన ఈ సెక్షన్ ప్రకారం, ఒరిజినల్ బొమ్మను తిరిగి అమ్మినప్పుడు ధర 10,000 రూపాయలు దాటితే గీసిన చిత్రకారుడికి అందులో వాటా అడిగే హక్కు ఉంటుంది. గరిష్ఠంగా అది 10 శాతం. కాకపోతే ఆ బొమ్మకు ఆయన మొదటి హక్కుదారు అయి ఉండాలి. ఫ్రాన్స్‌లో ఇలాంటి హక్కు 1920 నుంచీ ఉంది. తక్కువకు కొని ఎక్కువకు అమ్మేవాళ్ల వల్ల చిత్రకారుడికి జరిగే అన్యాయానికి చట్టం చూపిన మందు ఇది. మన దగ్గర దీన్ని గుర్తుపెట్టుకుని వాడుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

దారిలో, ఇంట్లో

బ్రిస్టల్ బోర్డును గొట్టంలో చుట్టి పంపితే చేరుతుంది కానీ తెల్ల రంగు దిద్దిన చోట పెచ్చులు లేస్తాయి, అతికించిన బుడగలు ఊడతాయి. పేజీని ప్లాస్టిక్ కవరులో పెట్టి, అన్ని వైపులా రెండేసి అంగుళాలు పెద్దవైన రెండు గట్టి అట్టల మధ్య ఉంచాలి. ఒక అట్ట గీరలు నిలువుగా, రెండోదాని గీరలు అడ్డంగా ఉంటే ఏ వైపూ వంగదు. పేజీ లోపల జారకుండా కవరును అట్టకు నాలుగు మూలలా టేపుతో పట్టించాలి, టేపు కాగితానికి తగలకూడదు. కొరియర్ రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉండే పరిహార పరిమితి చదివాకే బీమా సంగతి తేల్చుకోవాలి.

విదేశం నుంచి తెప్పిస్తే పార్సిల్ మీద ఏం రాశారన్నది కీలకం. చేత్తో గీసిన బొమ్మలు కస్టమ్స్ పట్టికలో 9701 శీర్షిక కిందికి వస్తాయి. ప్రింట్లకు, పోస్టర్లకు వేరే శీర్షికలు ఉన్నాయి. ‘కామిక్ పేజీ’ అని మాత్రమే రాస్తే అధికారి దాన్ని ఏ కింద వేస్తారో చెప్పలేం. ‘చేత్తో గీసిన ఒరిజినల్ బొమ్మ, కాగితం మీద సిరా’ అని రాసి, బిల్లు కాపీ బయట అతికించమని పంపేవారికి ముందే చెప్పాలి. సుంకం, దాని మీద సర్‌చార్జి, ఆ మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద వేసే జీఎస్టీ, పడతాయి. ఇలాంటి బొమ్మల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతం అయింది. పన్ను తగ్గుతుందని బహుమతి అనో, తక్కువ విలువ అనో రాయిస్తే అది తప్పుడు ప్రకటన. పార్సిల్ పోతే బీమా కూడా ఆ తక్కువ విలువకే వస్తుంది.

ఇంటికి చేరాక పేజీకి అసలు శత్రువులు మన వాతావరణం, మన ఫ్రేముల దుకాణం. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో చెమ్మ, వానాకాలంలో బూజు, పాత పుస్తకాల మధ్య తిరిగే సిల్వర్‌ఫిష్ పురుగులు. ఫ్రేముల దుకాణంలో మామూలుగా బొమ్మ వెనక జిగురు పూసి హార్డ్‌బోర్డు మీద అతికిస్తారు, గాజును నేరుగా బొమ్మ మీద ఆనిస్తారు. అతికించిన కాగితం మళ్లీ ఊడి రాదు. గాజుకు ఆనిన సిరా, చెమ్మకు దానికే అంటుకుంటుంది. లామినేషన్ అయితే ఇక తిరుగే లేదు. వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితంలో కలిసిపోతుంది. కొందరు దీన్ని జాగ్రత్త అనుకునే చేయిస్తారు.

దుకాణదారుకు చెప్పాల్సినవి కొన్నే. బొమ్మను దేనికీ అతికించొద్దు. వెనక, చుట్టూ ఆమ్లం లేని అట్ట పెట్టాలి. పై అంచున మాత్రం పలచటి కాగితపు పట్టీలతో, గోధుమ పిండి గంజితో వేలాడదీయాలి. ఆ గంజి నీటి తడితో వదిలివస్తుంది. గాజుకు, బొమ్మకు మధ్య ఖాళీ ఉండాలి. ఆమ్లం లేని అట్ట ఆయన దగ్గర లేకపోతే మనమే కొని ఇవ్వాలి. అక్కడ వాడే గోధుమ రంగు అట్ట కొన్నేళ్లలో బొమ్మ చుట్టూ పసుపు చట్రం వేస్తుంది. ఎండ నేరుగా పడే గోడ వద్దు. నల్ల సిరా ఏళ్ల తరబడి తట్టుకుంటుంది కానీ కమిషన్లలో ఎక్కువగా వాడే రంగు మార్కర్లు వెలుతురుకు త్వరగా వెలిసిపోతాయి. అలాంటి బొమ్మను గోడకు కాకుండా పాలిప్రొపిలీన్ కవర్ల ఫోల్డరులో, బీరువాలో, పక్కన సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. చిత్రకారుడు ఇచ్చిన రసీదును ఆ బొమ్మ వెనక పెట్టకుండా వేరే కవరులో దాచాలి, పెన్ను సిరా మరక బొమ్మకు అంటకుండా.